వెయిటింగ్ రూమ్‌లో 23 నిమిషాల వీడియో వేస్తే గుప్తరోగాలు తగ్గుతాయా?

వెయిటింగ్‌రూమ్_టీవీ · మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. నేను అమెరికాలో ఒక దక్షిణాది రాష్ట్రంలో కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్ల ఎస్టీడీ క్లినిక్‌లో హెల్త్ ఎడ్యుకేటర్‌ని. మన భాషలో చెప్పాలంటే గుప్తరోగాల ఆసుపత్రి. ఇంట్లో "పబ్లిక్ హెల్త్" అని మాత్రమే చెప్పాను. మా అమ్మ నేను పిల్లలకి టీకాలు వేస్తాననుకుంటోంది, అలాగే అనుకోనిచ్చాను.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి కుర్రాళ్లు, తర్వాత లాటినోలు. చాలామందికి పాతికేళ్లు కూడా ఉండవు. పేరు రాయించుకుని గంట, గంటన్నర కూర్చోవాలి. గోడకి ఒక టీవీ, అందులో వంటల ఛానెల్, అదీ మ్యూట్‌లో. మూత్రంలో మంట అని వచ్చినవాడు గంటసేపు ఎవరో కేకు మీద క్రీమ్ పూయడం చూస్తుంటాడు. మూడు వారాల క్రితం మా సూపర్‌వైజర్ ఆ టీవీని పనికొచ్చేలా చెయ్యమంటే, నేను వెతికి వెతికి 'సేఫ్ ఇన్ ద సిటీ' అనే పాత వీడియో వేశాను. సరిగ్గా ఇలాంటి గదుల కోసమే తీసింది. 23 నిమిషాలు, మూడు చిన్న కథలు, జంటలు మాట్లాడుకోవడం, అలగడం, మధ్యలో కండోమ్ ఎలా వాడాలో కార్టూన్ ముక్కలు రెండు.

మొదటి రోజు ఎవడూ తల ఎత్తలేదు. రెండో రోజు సౌండ్ కొంచెం పెంచాను. మూడో రోజు ఒకడు టీవీలో కుర్రాడితో "ఒరేయ్ నమ్మకురా వాణ్ని" అన్న టైపులో ఏదో అరిచాడు, గదంతా నవ్వింది. అప్పట్నుంచి నా రూమ్‌లోకి వచ్చేవాళ్లు మాట్లాడే తీరు మారింది. ఇదివరకు ఏం అడిగినా "ఆ తెలుసు, తెలుసు" అనేవాళ్లు. ఇప్పుడు "ఆ వీడియోలో వాడు చేసినట్టే నేనూ..." అని వాళ్లే మొదలుపెడుతున్నారు. తమ గురించి కాదు, "వీడియోలో వాడి" గురించి. రెండేళ్లు నా గుంటూరు ఇంగ్లీషులో మొత్తుకున్నా రాని మాట ఇది.

నా డౌట్ ఏంటంటే, ఇది నిజంగా పని చేస్తున్నట్టా, లేక నాకే అలా అనిపిస్తోందా? ఇప్పుడు సూపర్‌వైజర్ దీన్ని 30 సెకన్ల ముక్కలుగా కోసి ఫోన్లలోకి పంపుదామంటున్నారు. ఆరోగ్యం, వీడియోలు, ప్రచారం, ఏ లైన్‌లో పనిచేసినవాళ్లైనా మీ అనుభవం చెప్పండి.

లెక్కలమాస్టారు · మంగళవారం, రాత్రి 10:15

దీని మీద స్టడీ వచ్చింది 2008లో. డెన్వర్, లాంగ్ బీచ్, శాన్ ఫ్రాన్సిస్కో, మూడు క్లినిక్‌లు, మొత్తం 38,635 మంది. వీడియో నడిచిన రోజుల్లో వచ్చినవాళ్లలో 4.9 శాతం మందికి మళ్లీ కొత్త ఇన్ఫెక్షన్ కనబడింది, నడవని రోజుల్లో వచ్చినవాళ్లలో 5.7 శాతం. పేపర్లు "దాదాపు 10 శాతం తగ్గింది" అని రాసుకున్నాయి. తీసేస్తే తేడా 0.8. అంటే 125 మంది కూర్చుంటే ఒక్కడికి తప్పింది. మిగతా 124 మందికి మీ వంటల ఛానెల్ వేసినా ఒకటే.

ఇంకో సంగతి. ఎవరికి వీడియో, ఎవరికి కాదు అని మనిషికి మనిషికి చీటీ తీయలేదు. నాలుగు వారాలు వీడియో, నాలుగు వారాలు మామూలు, అలా మార్చి మార్చి నడిపారు. తప్పని కాదు గానీ, మరీ ఎగిరి గంతేసేంత లేదు.

వెయిటింగ్‌రూమ్_టీవీ · మంగళవారం, రాత్రి 10:52

> మిగతా 124 మందికి మీ వంటల ఛానెల్ వేసినా ఒకటే

మాస్టారూ, లెక్క ఒప్పుకుంటా. కానీ ఆ 125 మందికి చూపించడానికి ఎంతయింది? ఒక డీవీడీ, నాలుగు పోస్టర్లు. అదనంగా నర్సు లేదు, కౌన్సెలర్ లేదు, ఎవడి జీతం పెరగలేదు. 125 మంది మాకు వారం తిరక్కుండా వస్తారు. పైగా ఆ స్టడీలోనే మగవాళ్లని విడిగా చూస్తే తగ్గుదల ఇంకాస్త ఎక్కువ, 13 శాతం దగ్గర. వచ్చినప్పటికే ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో కూడా అంతే. ఆడవాళ్లలో తేడా పెద్దగా కనబడలేదు. ఎందుకో నా ఊహ నాకుంది: కండోమ్ తొడుక్కునేది మగవాడు, అతను మనసు మార్చుకుంటే సరిపోతుంది, ఆడమనిషి మనసు మార్చుకున్నా పక్కనున్నవాడు ఒప్పుకోవాలి కదా. ఊహ మాత్రమే, స్టడీ అలా అనలేదు.

లెక్కలమాస్టారు · మంగళవారం, రాత్రి 11:05

ఖర్చు లేని పని అంటే సరే, తగ్గాను. కానీ ఆ లెక్కలు 2003 డిసెంబర్ నుంచి 2005 ఆగస్టు దాకా తీసినవి. ఐఫోన్ పుట్టింది 2007లో. అప్పుడు ఆ గదిలో టీవీ తప్ప చూడ్డానికి ఇంకోటి లేదు. ఇప్పుడు మీవాడు తల ఎత్తాలంటే ముందు వైఫై తీసేయాలి.

పులిరాజా_అభిమాని · బుధవారం, ఉదయం 6:30

ఈ థ్రెడ్‌లో నా పేరు చూసి ఎవరూ అడక్కముందే నేనే చెప్తా 😄

నేను ఏడో క్లాసు. మా ఊరి బస్టాండు దగ్గర రాత్రికి రాత్రి హోర్డింగ్ వచ్చింది: "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అంతే. పులిరాజా ఎవరు, ఏం చేశాడు, ఏమీ లేదు. టీ కొట్టు దగ్గర అదే మాట, బస్సులో అదే, మా తెలుగు సార్ క్లాసులోకి వచ్చి బోర్డు మీద ఇదే వాక్యం చూసి ఎవడు రాశాడో చెప్పేదాకా అందర్నీ నిలబెట్టాడు. ఒక కొత్త సినిమా అని కొందరు, ఎన్నికల గోల అని కొందరు పందాలు. ఎయిడ్స్ అన్న మాట మా ఇంట్లో భోజనాల దగ్గర వినబడింది అదే మొదటిసారి. మా నాన్నే అన్నారు, ఇంకెవరో కాదు. తర్వాత తర్వాత సంగతి విప్పారు: సుఖం కోసం బయటికి వెళ్లే మామూలు మగవాడు, కండోమ్ వాడకపోతే వస్తుంది అని.

ఇప్పుడు వెనక్కి చూస్తే రెండు అనిపిస్తాయి. ఒకటి, జనం నోట్లో ఆ మాట పెట్టాడు పులిరాజా, దానికి దండం. రెండు, మాకు పేరు గుర్తుంది గానీ పరీక్ష ఎక్కడ చేస్తారో ఆ తర్వాత పదేళ్లకి కూడా తెలీదు. మా బ్యాచ్‌లో రాజా అనేవాడు ఉండేవాడు పాపం, వాడి బాధ వేరే.

సురక్ష_ఓపీ · బుధవారం, ఉదయం 8:10

జిల్లా ఆసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల విభాగంలో చేస్తాను. మా దగ్గర ఈ క్లినిక్‌కి బోర్డు మీద 'సురక్ష' అని ఉంటుంది, 'సుఖవ్యాధులు' అని రాస్తే ఆ గుమ్మం దగ్గర ఎవడూ నిలబడడు కాబట్టి. పేరు మార్చినా జనానికి తెలుసు, టోకెన్ చేతిలో పట్టుకుని పక్కన కళ్ల డాక్టర్ లైన్‌లో నిలబడి మేం పిలిచినప్పుడు ఇటు జారుకుంటారు.

వీడియో సంగతి తర్వాత. ముందు మనవాడు మా దగ్గరికి చేరే దారి చూడండి. మంట మొదలైతే "వేడి చేసింది" అంటాడు. మజ్జిగ, సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, కొబ్బరిబొండం. వారానికి చీము కనబడితే మందుల షాపు, అక్కడ రెండు బిళ్లలు. తగ్గినట్టే ఉంటుంది. మళ్లీ వస్తే గోడ మీద పోస్టర్ వేసుకున్న 'గుప్తరోగ నిపుణుడు', ఆయన వీర్యం పల్చబడిందని వేలకి వేలు గుంజుతాడు. అన్నీ అయ్యాక మేం. మా దగ్గర బూడిదరంగు కిట్ ఉంటుంది, కిట్ 1, అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ బిళ్లలు, నా ముందే మింగించి పంపిస్తాను. ఉచితం. అది ఉచితమని తెలియక ఎంతమంది పుస్తెలు తాకట్టు పెట్టారో నేను చూశాను.

కాబట్టి నన్నడిగితే వీడియో ఉండాల్సింది నా వెయిటింగ్ హాల్లో కాదు. నా దగ్గరికి వచ్చినవాడు సగం దారి దాటినట్టే. అది ఉండాల్సింది "వేడి చేసింది" దగ్గర.

సూటిగా_సుత్తి · బుధవారం, మధ్యాహ్నం 1:20

నాకొకటి అర్థం కాదు. క్లినిక్‌కి నల్లవాళ్లు, లాటినోలు ఎక్కువ వస్తారని వాళ్లలాంటివాళ్లనే పెట్టి స్పెషల్ వీడియో ఎందుకు? రోగానికి రంగు ఉంటుందా? వాళ్లకే ఈ రోగాలు వస్తాయన్నట్టు లేదూ? రేపు ఎవడైనా 'ఇది ఫలానా కులం వాళ్ల కోసం తీసిన ఆరోగ్య వీడియో' అంటే మన ఊళ్లో ఊరుకుంటామా? అలా కాదు, వాళ్లు నిజంగానే జాగ్రత్తగా ఉండరు అంటారా, మరి వీడియో చూపిస్తే మారిపోతారా?

పీచుచెట్టు_అక్క · బుధవారం, మధ్యాహ్నం 3:45

> వాళ్లు నిజంగానే జాగ్రత్తగా ఉండరు అంటారా

తమ్ముడూ, మొదటి సగం మంచి ప్రశ్న, రెండో సగం తప్పు. నేను అట్లాంటాలో ఇదే రంగంలో పదహారేళ్లుగా ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టు.

2016లో ఇక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఒక అంచనా వేసింది. అప్పటి వేగమే సాగితే, మగవాళ్లతో సంబంధాలుండే నల్లజాతి మగవాళ్లలో ఇద్దరిలో ఒకరికి జీవితకాలంలో హెచ్‌ఐవీ తేలుతుంది. లాటినోల్లో నలుగురిలో ఒకరికి. తెల్లవాళ్లలో 11 మందిలో ఒకరికి. ఈ అంకె చూసి అందరూ నీలాగే అనుకున్నారు, వీళ్లు జాగ్రత్తగా ఉండరని. కానీ ఎన్నో స్టడీలు కలిపి చూస్తే నల్లజాతి గే మగవాళ్లు కండోమ్ వాడకంలో గానీ, ఎంతమందితో తిరుగుతారన్న దాంట్లో గానీ తెల్లవాళ్లకంటే ఎక్కువ రిస్క్ తీసుకోవడం లేదు. మరి తేడా ఎక్కడ? వాళ్లు కలిసే మనుషుల వలయం చిన్నది, అందులో అప్పటికే హెచ్‌ఐవీ ఎక్కువ ఉంది, అదీ మందులు అందనిది. ఇన్సూరెన్స్ లేదు, దగ్గర్లో క్లినిక్ లేదు, జబ్బు ఆలస్యంగా తేలుతుంది. అందరూ ఒకే వాన, కొందరి ఇంటికి పైకప్పు లేదు.

ఇక నమ్మకం సంగతి. అలబామాలో మేకన్ కౌంటీ, టస్కీగీ. 1932లో ప్రభుత్వ ఆరోగ్య విభాగం వాళ్లే దాదాపు 400 మంది సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లని తీసుకుని, "మీ రక్తం చెడిపోయింది, చూస్తాం" అని చెప్పి, చూస్తూనే కూర్చున్నారు. 1940ల చివరికి పెన్సిలిన్ మామూలు వైద్యం అయిపోయినా ఇవ్వలేదు. 1972లో పేపర్లకెక్కేదాకా 40 ఏళ్లు నడిచింది. క్లింటన్ క్షమాపణ చెప్పింది 1997లో. ఆ మనుషుల మనవలు ఇప్పుడు మా క్లినిక్‌లకి వస్తున్నారు. వాళ్ల ముందు తెల్లకోటు వేసుకుని నిలబడి "నేను చెప్తున్నా నమ్ము" అంటే ఎవరు నమ్మాలి? అందుకే తమలాంటి మొహం, తమ యాస, తమ బస్టాపు కనిపించే వీడియో. రోగానికి రంగు లేదు, నిజమే, చెప్పేవాడికి ఉంటుంది.

సూటిగా_సుత్తి · బుధవారం, మధ్యాహ్నం 4:02

టస్కీగీ గురించి తెలీదక్కా. 40 ఏళ్లా. సరే, రెండో సగం వాపసు. మొదటి సగం మాత్రం అలాగే ఉంచుతున్నా.

వెయిటింగ్‌రూమ్_టీవీ · బుధవారం, రాత్రి 8:30

అక్కా, మీరు రాసింది చదివాక ఒకటి గుర్తొచ్చింది. పోయిన శీతాకాలం ఒక పెద్దాయన వచ్చారు, డెబ్బై దాటి ఉంటాయి. ఇంజెక్షన్ ముందు నర్సు చేతిలో సీసా అడిగి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, లేబుల్ మీద పెన్సిలిన్ అన్న మాట చదువుకుని, అప్పుడు చొక్కా పైకెత్తారు. ఆమె ఏమీ అనలేదు. నాకు అప్పుడు అర్థం కాలేదు.

పీచుచెట్టు_అక్క · బుధవారం, రాత్రి 9:15

మా దగ్గర కూడా ఇలాంటివాళ్లు వస్తారు.

నీ అసలు ప్రశ్నకి వస్తా. సేఫ్ ఇన్ ద సిటీ కంటే ముందుది ఒకటుంది, 'వాయిసెస్'. 90ల్లో న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్ క్లినిక్‌లో మొదలైంది. అక్కడ వీడియో ఒక్కటే కాదు. నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా, ఒకే జాతి, అందరూ మగవాళ్లు లేదా అందరూ ఆడవాళ్లు, ఒక గదిలో కూర్చుంటారు. నల్లజాతివాళ్లకి ఒక వీడియో, లాటినోలకి వేరేది. 20 నిమిషాలు చూస్తారు. లైట్ వేశాక ఒకరు కూర్చుని మాట్లాడిస్తారు, "మీవాడైతే ఏమనేవాడు?" అని. తర్వాత ఒక బోర్డు మీద రకరకాల కండోమ్‌లు: సైజులు, పల్చనివి, మందమైనవి, లేటెక్స్ (రబ్బరు) పడనివాళ్లకి వేరే పదార్థంతో చేసినవి. నచ్చినవి తీసుకుని వెళ్తారు. మొత్తం గంటలోపు.

ఆ క్లినిక్ మగవాళ్లని తర్వాత ఏడాదికి పైగా రికార్డుల్లో గమనిస్తే, గ్రూపులో కూర్చున్నవాళ్లలో 22.5 శాతానికి కొత్త ఇన్ఫెక్షన్, కూర్చోనివాళ్లలో 26.8. మాస్టారు మళ్లీ తీసివేత చేసుకోవచ్చు 🙂 ఇంకోటి, ఉచిత కండోమ్‌ల కూపన్ ఇచ్చి ఎంతమంది షాపుకెళ్లి తెచ్చుకుంటారో కూడా చూశారు. వీడియో ఒక్కటే చూసినవాళ్లు కొంచెం ఎక్కువ తెచ్చుకున్నారు, వీడియో చూసి మాట్లాడినవాళ్లు ఇంకా ఎక్కువ.

నువ్వు గమనించింది అదే తమ్ముడూ. "వీడియోలో వాడు" అని మొదలుపెట్టే ఛాన్స్ దొరికింది వాళ్లకి. దాన్ని 30 సెకన్ల ముక్కలు చేసి ఫోన్‌లోకి పంపితే చూస్తారు, నవ్వుతారు, పైకి తోసేస్తారు. పక్కన నువ్వుండవు.

లెక్కలమాస్టారు · బుధవారం, రాత్రి 9:40

4.3. అంటే 23 మందికి ఒక్కడు. ఇది బాగుంది. కాకపోతే దీనికి మనిషి కావాలి, మనిషికి జీతం కావాలి, అందుకే మీ సూపర్‌వైజర్ 30 సెకన్ల ముక్కలు అంటున్నారు. తప్పు ఆయనది కాదు, బడ్జెట్‌ది.

వెయిటింగ్‌రూమ్_టీవీ · బుధవారం, రాత్రి 10:20

కండోమ్ బోర్డు మాట ఎత్తారు కాబట్టి చెప్తా. మా కౌన్సెలింగ్‌లో "వాడుతున్నావా?" అంటే "వాడుతున్నా, చిరిగిపోతున్నాయి" అనేవాళ్లు ఎక్కువ. దేనితో వాడుతున్నావంటే వాజెలిన్, బేబీ ఆయిల్, ఒంటికి రాసుకునే లోషన్. నూనె తగిలితే లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడిపోతుంది, నీటితో గానీ సిలికాన్‌తో గానీ చేసిన లూబ్రికెంటే (జారుడు జెల్) వాడాలి. మన దగ్గర ఇదే కథలో వాజెలిన్ బదులు కొబ్బరినూనె. ఇంత చిన్న సంగతి, రెండు నిమిషాల్లో చూపించొచ్చు: ఒక కండోమ్ ఊది, వేలితో కాస్త బేబీ ఆయిల్ రాసి ఉంచితే కాసేపటికి ఫట్. ఒకసారి చేసి చూపించాను, గది మొత్తం ఎగిరిపడింది. దానికి మించిన వీడియో నేను చూడలేదు.

కొత్తఖాతా_7 · గురువారం, రాత్రి 1:50

ఇది రాయడానికే అకౌంట్ తెరిచాను. నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నా, తెలుగువాణ్నే. గే. ఇండియాలో ఎవరికీ తెలీదు, ఇక్కడ ఇద్దరికి తెలుసు.

మొన్న నెల ఇలాంటి ఒక క్లినిక్‌కి వెళ్లాను. టీవీలో వీడియో నడుస్తోంది. నల్లజాతి జంట ఉంది, లాటినో కుర్రాడున్నాడు, తెల్ల జంట ఉంది. బాగా తీశారు. నేను మాత్రం ఎక్కడా లేను. ఇది కంప్లైంట్ కాదు, అక్కడ ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లని పెట్టారు, అక్క రాసింది చదివాక ఇంకా అర్థమైంది. కానీ ఆ గదిలో కూర్చుని "ఇది నా గురించి కాదు" అనుకోవడం చాలా సులువు అయిపోయింది. అనుకుని, పేరు పిలవకముందే లేచి వచ్చేశాను.

మా రూమ్మేట్‌లు ఐదుగురు తెలుగువాళ్లు. రాత్రంతా కబుర్లే, జోకులన్నీ నాలాంటివాళ్ల మీదే, నేనూ నవ్వుతాను. ఇన్సూరెన్స్ యూనివర్సిటీది. టెస్ట్ చేయించుకుంటే ఇంటికి ఏదైనా కాగితం వస్తుందా, వీసాకి ఏమైనా అవుతుందా అని టెన్షన్. ఎవరినడగాలి? అడిగితే తెలిసిపోతుంది.

పీచుచెట్టు_అక్క · గురువారం, ఉదయం 7:05

నాన్నా, రాసినందుకు ముందు థాంక్స్. ఒక్కొక్కటీ చెప్తా.

వీసా: హెచ్‌ఐవీ ఉన్నవాళ్లని దేశంలోకి రానివ్వకూడదన్న నిబంధన అమెరికా 2010 జనవరిలోనే తీసేసింది. గ్రీన్‌కార్డ్ మెడికల్‌లో సిఫిలిస్, గనేరియా చూస్తారు, అవి ఉన్నా వైద్యం చేయించుకుంటే అయిపోతుంది. కాగితం: యూనివర్సిటీ ఇన్సూరెన్స్ నీ పేరు మీదే ఉంటే ఏమొచ్చినా నీకే వస్తుంది, అయినా భయమైతే కౌంటీ క్లినిక్‌లో ఇన్సూరెన్స్ చూపించకుండా చేయించుకో, చాలాచోట్ల ఉచితం లేదా నామమాత్రం.

టెస్ట్‌కి వెళ్తే మూత్రం ఒక్కటే ఇచ్చి రాకు. గొంతు, వెనక కూడా దూదిపుల్లతో శాంపిల్ తీయమని అడుగు. గనేరియా, క్లమిడియా అక్కడ ఏ లక్షణమూ లేకుండా ఉంటాయి, మూత్రంలో కనబడవు. ఇది అడక్కపోతే చేయని చోట్లు ఉన్నాయి. గత మూడు రోజుల్లో ఏదైనా జరిగి ఉంటే ఆగకు, 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే, హెచ్‌ఐవీ అంటకుండా ఆపే పెప్ మందులు ఉన్నాయి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. అలాంటిదేమీ లేకపోతే ప్రెప్ గురించి అడుగు. రోజుకో బిళ్ల, 2012 నుంచి ఉంది, ఇప్పుడు ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. సరిగ్గా వాడితే హెచ్‌ఐవీ రాకుండా ఆపుతుంది, సెగ (గనేరియా), సవాయి (సిఫిలిస్) లాంటివాటిని ఆపదు. ఇక్కడి ఇన్సూరెన్స్‌లు చాలావరకు దీనికి డబ్బు తీసుకోకూడదు.

సురక్ష_ఓపీ · గురువారం, ఉదయం 8:20

అక్క అన్నీ చెప్పేశారు. ఒక్కటి కలుపుతా, ఊరొచ్చినప్పుడు పనికొస్తుంది. ఇక్కడ ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రంలో, హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, 1097కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఎక్కడుందో చెప్తారు. నీ స్థితి నీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం ఉంది, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. అదే నెలలో స్వలింగ సంబంధం నేరం కాదని సెక్షన్ 377 మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన మా ఓపీలో అందరూ మర్యాదగా మాట్లాడతారని చెప్పను. మా దగ్గర ఒకాయన ఉన్నాడు, నీలాంటివాళ్లొస్తే నవ్వు ఆపుకోలేడు. నేను డ్యూటీలో ఉన్న రోజు రమ్మని చెప్పి పంపిస్తుంటా.

మోడరేటర్ · గురువారం, ఉదయం 9:00

కొత్తఖాతా_7 పోస్టు కింద వచ్చిన ఒక కామెంట్ తీసేశాం. రాసినవాళ్లకి ఎందుకో తెలుసు.

డబ్బింగ్_దాసు · గురువారం, మధ్యాహ్నం 12:30

అసలు తెలుగులో ఇలాంటి వీడియో తీస్తే ఏ మాటలు వాడతారన్నది నా బాధ. ఒకసారి ఇంగ్లీషు ఆరోగ్య వీడియోకి తెలుగు గొంతు ఇచ్చే పని వచ్చింది. స్క్రిప్టులో "అసురక్షిత లైంగిక సంపర్కం" అని ఉంది. నేను చదువుతుంటే నాకే ఆకాశవాణి వార్తల్లా వినబడింది. "సంభోగం" అంటే పోలీస్ ఎఫ్‌ఐఆర్. "రతి" అంటే ప్రబంధం. "మర్మాంగం" అంటే క్రైమ్ వార్త. వాడుకలో ఉన్నవన్నీ బూతులు, వాటితో తీస్తే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుతో కొడతారు. మధ్యలో మాట లేదు. చివరికి నేను "కలిసినప్పుడు", "కింద", "వెనక నుంచి" అని మార్చుకుంటే, క్లయింట్ "ఇది మరీ లోకల్‌గా ఉంది" అని మళ్లీ సంపర్కానికే వెళ్లాడు.

కండోమ్‌కి కూడా 'తొడుగు' అని రాశాడు ఆయన. మా నాన్న తరం నిరోధ్ అనేవాళ్లు, 1968లో వచ్చిన బ్రాండు, అదే మాటైపోయింది. మా తరం కండోమ్. తొడుగు అంటే మా వీధిలో దిండుకి.

పులిరాజా_అభిమాని · గురువారం, మధ్యాహ్నం 12:50

దిండుకి 😂😂

దాసుగారూ, "వేడి చేసింది" దగ్గర మొదలుపెట్టండి. డాక్టర్ గారు పైన స్క్రిప్టు రాసేశారు చూడండి. మజ్జిగ, సబ్జా, కొబ్బరిబొండం, మందుల షాపు, పోస్టర్ నిపుణుడు. ఒక్కో చోట వాడి జేబులో డబ్బులు తగ్గుతుంటాయి, చివర్లో బూడిదరంగు కిట్, ఉచితం. ఒక్క బూతు అక్కర్లేదు.

సూటిగా_సుత్తి · గురువారం, సాయంత్రం 6:10

అందులో ఇద్దరు ఫ్రెండ్స్‌ని పెట్టండి. ఒకడికి ఆడవాళ్లు, ఒకడికి మగవాళ్లు. ఏమీ స్పెషల్‌గా చెప్పకుండా, మామూలుగా, ఇద్దరూ ఒకే బండి మీద క్లినిక్‌కి వెళ్లాలి. ఏడు నంబర్ తమ్ముడికి ఇదే చెబుదామనుకున్నా, చెప్పడం రాలేదు.

సురక్ష_ఓపీ · గురువారం, రాత్రి 9:30

రాయండి, చూస్తాను, మందుల పేర్లు నేను సరిచూస్తా. ఒక్క షరతు, నన్ను నటించమనకండి. ఇంకా, మందుల షాపువాణ్ని విలన్‌ని చేయకండి. వాడు మాకు మనుషుల్ని పంపాలి, కోపం తెప్పిస్తే పంపడు.

వెయిటింగ్‌రూమ్_టీవీ · శుక్రవారం, రాత్రి 10:40

అప్‌డేట్. సూపర్‌వైజర్‌తో మాట్లాడాను. 30 సెకన్ల ముక్కలు ఆగలేదు, అవీ చేస్తారట. కానీ వారానికి రెండు మధ్యాహ్నాలు పక్కనున్న చిన్న గది ఇచ్చారు, వీడియో చూశాక ఇష్టమున్నవాళ్లు కూర్చోవచ్చు. జీతమేమీ పెరగలేదు మాస్టారూ, ముందే చెప్తున్నా. ఇవాళ మొదటిది. ముగ్గురు వచ్చారు, ఒకడు బయట చలికి తట్టుకోలేక వచ్చానన్నాడు. బేబీ ఆయిల్ ఆట చూపించాక అతనే అందరికంటే ఎక్కువ మాట్లాడాడు.

కొత్తఖాతా_7 · ఆదివారం, రాత్రి 12:15

వెళ్లాను. ఈసారి కూర్చున్నాను. మూడు చోట్లా శాంపిల్ అడిగాను అక్కా, ఆమె ఏమీ అనుకోకుండా "మంచిది, అడిగావు" అంది. హెచ్‌ఐవీ అక్కడికక్కడే చెప్పారు, నెగటివ్. మిగతావి మెసేజ్ పెడతారట. ప్రెప్‌కి వచ్చే గురువారం రమ్మన్నారు.

వీడియో మళ్లీ నడుస్తోంది అక్కడ. ఈసారి మొత్తం చూశాను. కాకపోతే మ్యూట్‌లో ఉంది.

వెయిటింగ్‌రూమ్_టీవీ · ఆదివారం, రాత్రి 12:40

గురువారం వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో రిమోట్ అడుగు. డ్రాయర్‌లో ఉంటుంది, మాకైతే స్టేప్లర్ కింద ఉంది.